గరిటెలు, గిన్నెలు, డబ్బా మూతలు: కూర్చునే, పాకే వయసు పిల్లల చేతికి ఏవి ఇవ్వచ్చు, ఎలా చూసి ఇవ్వాలి

ఎనిమిది నెలల పాప, కొన్న బొమ్మలన్నీ పక్కన పడేసి గరిటెలూ డబ్బా మూతలూ రిమోటూ కావాలని పేచీ పెడుతోంది, వాటితో ఆడనివ్వచ్చా, ఇస్తే ఏవి ఇవ్వాలి అన్నది మీ ప్రశ్న. ఇవ్వచ్చు. నన్నడిగితే ఇవ్వాలి కూడా. రిమోట్ మాత్రం వద్దు, ఎందుకో కింద రాస్తాను.

ఒక తేడా ముందే చెప్పుకోవాలి. చిన్నపిల్లల బొమ్మ అంటే దాన్ని లాగి, మెలితిప్పి, పడేసి చూశాకే అమ్మాలని చాలా దేశాల్లో నియమాలున్నాయి. గరిటెకు అలాంటివేం లేవు. అది కలపడానికి చేసిన వస్తువు, గంటసేపు చప్పరించి నేలకేసి బాదడానికి చేసింది కాదు. కాబట్టి ఆ పరీక్షలేవో ఇంట్లో మీరే చెయ్యాలి. ఒక్కో వస్తువుకు రెండు మూడు నిమిషాలు చాలు.

ఇంకొకటి. "ఈ వస్తువు మంచిదేనా?" అని అడిగితే సగం జవాబే వస్తుంది. కింద కూర్చున్న పాప చేతిలో చెక్కగరిటె వల్ల ఏ ఇబ్బందీ లేదు. అదే గరిటె నోట్లో పెట్టుకుని రెండడుగులు వేసి ముందుకు పడితే అంగుట్లో గుచ్చుకుంటుంది. వస్తువు మారలేదు, పాప మారింది. "ఈ నెలలో, ఇలా కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో, ఈ పాప దీన్ని ఏం చెయ్యగలదు?" అని అడగాలి. నెలకోసారి మళ్లీ అడగాలి.

అసలు బొమ్మలు వదిలేసి వీటి వెంట ఎందుకు పడతారంటే, కొన్న బొమ్మల్లో చాలావరకు ఒకే ప్లాస్టిక్. రంగు ఏదైనా నోటికి రుచి ఒకటే, చేతికి బరువు ఒకటే. స్టీలు గిన్నె పట్టుకోగానే చల్లగా తగులుతుంది, కాసేపటికి వెచ్చబడుతుంది, నేలకు తగిలితే ఖంగుమంటుంది, తిప్పితే అందులో ఏదో మొహం వంకరగా కనిపిస్తుంది. చెక్క అలా కాదు, గుడ్డ అసలే కాదు. ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ (1910–2009) అనే బ్రిటిష్ శిశువిద్యా నిపుణురాలు ఈ సంగతినే ఒక పద్ధతిగా మలిచారు. సొంతంగా కూర్చోవడం వచ్చి ఇంకా పాకడం రాని పిల్లల ముందు, ప్లాస్టిక్ అన్నది లేకుండా, మామూలు ఇంటి సామాన్లు నింపిన బుట్ట పెట్టడం. ట్రెజర్ బాస్కెట్ అని దాన్నే అంటారు. మీ పాపది సరిగ్గా ఆ వయసు.

ఇక పరీక్షలు. మొదటిది కొలత. అమెరికా నియమాల్లో, మూడేళ్ల లోపు పిల్లలకు ఏది "చిన్న భాగం" అవుతుందో తేల్చడానికి ఒక గొట్టం వాడతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది కనుక లోతు ఒక పక్క 25.4, మరో పక్క 57.1 మిల్లీమీటర్లు. ఎలా తిప్పి పెట్టినా సరే, నొక్కకుండానే వస్తువు మొత్తం అందులో ఇమిడిపోతే అది పనికిరాదు. బంతులకు హద్దు ఇంకా పెద్దది, 44.4 మిల్లీమీటర్లు. గుండ్రటిది గొంతులో ఏ వైపు నుంచి కూర్చున్నా గాలి ఆడే సందు మిగలదు, అందుకు. ఇంట్లో ఆ గొట్టం ఉండదు కాబట్టి ఒక అట్టముక్క మీద 4.5 సెంటీమీటర్ల వృత్తం గీసి కత్తిరించి పెట్టుకోండి. ఆ కంతలోంచి దూరిపోయే వస్తువు 6 సెంటీమీటర్ల కంటే పొట్టిది అయితే ఇవ్వకండి. పొడుగ్గా ఉండి దూరేవి, అంటే చెంచాలూ గరిటెలూ, వాటి లెక్క వేరు, కింద చెబుతాను. ఈ కంతతో ఇల్లంతా ఓసారి చూడండి, ఆశ్చర్యపోతారు. నీళ్ల సీసా మూత 30 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, గొట్టంలోకి సులువుగా జారుతుంది. సీసా ఇస్తే మూత తీసి ఇవ్వండి, మూత మీ దగ్గరే పెట్టుకోండి.

రెండోది, కొలత కంటే ఎక్కువగా జనం మర్చిపోయేది: ఊడేవి. వస్తువు పెద్దదే, దానికి తగిలించిన ముక్క చిన్నది. ఐరోపా బొమ్మల ప్రమాణంలో, పట్టు చిక్కే భాగం 6 మిల్లీమీటర్ల కంటే పెద్దదైతే దాన్ని 90 న్యూటన్ల బలంతో లాగి చూస్తారు. తొమ్మిది కిలోల బరువు వేలాడదీసినంత లాగుడన్నమాట. ఇంట్లో అయితే రెండు చేతులా పట్టుకుని మీ శక్తి కొద్దీ లాగండి, మెలితిప్పండి. ఎక్కడెక్కడ చూడాలంటే, మూత మీది బొడిపె అడుగున స్క్రూ ఉంటుంది. పాప దాన్ని పట్టుకుని తిప్పుతూ ఉంటే నెమ్మదిగా వదులవుతుంది, ఇవాళ బిగువుగా ఉన్నది పది రోజుల తర్వాత ఊడి చేతికొస్తుంది. గాలి చొరని డబ్బాల మూతల్లో మెత్తటి రబ్బరు రింగు ఉంటుంది. గోటితో అంచు లేపితే మొత్తం వచ్చేస్తుంది, పాప పంటితోనూ వస్తుంది. గరిటెల పిడి చివర ప్లాస్టిక్ బిళ్ల, గిన్నె అడుగున కంపెనీ స్టిక్కరు, కొలత కప్పుల్ని గుచ్చిన రింగు, పిడికి కొట్టిన రివెట్టు. స్టిక్కరు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తడిసిన పలచటి ముక్క అంగుటికి అతుక్కుంటే పాప కక్కలేదు, మీరు తియ్యలేరు. నూనె రాసి మొత్తం గీకెయ్యండి.

మూడోది పడేసి చూడటం. అమెరికా పరీక్షలో 18 నెలల లోపు పిల్లల బొమ్మను 1.37 మీటర్ల ఎత్తు నుంచి 10 సార్లు పడేస్తారు. మీరూ ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద పదిసార్లు పడెయ్యండి. పగిలితే, పెచ్చు లేస్తే, సొట్ట పడి అంచు విచ్చుకుంటే దాని పని అయిపోయింది. గాజు, పింగాణీ ఎలాగూ వద్దు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం మోసం చేస్తాయి. ఆరోసారికి వెంట్రుకవాసి గీత పడుతుంది, కంటికి ఆనదు, తర్వాత ఎప్పుడో పాప కొరికినప్పుడు ఆ గీత వెంట సన్నటి పదునైన ముక్క లేస్తుంది.

నాలుగోది అంచులు. వేలితో తడిమితే చాలదు, మన వేలి చర్మం మొద్దు. చిన్న దూది ఉండ తీసుకుని అంచు చుట్టూ, కీళ్ల మీదా, తీగల చివర్ల మీదా నెమ్మదిగా లాగండి. దూదిపోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ చిగురు కోసుకుంటుంది. గిన్నెలకైతే అంచు బయటికి చుట్టి మడిచినవే తీసుకోండి. కత్తిరించి వదిలేసిన పలచటి రేకు అంచున్నవి వద్దు. ఆ మడత కింద సందులో సబ్బునురుగూ మురికీ దాక్కుంటాయి, కడిగినప్పుడు అక్కడ బ్రష్ పెట్టాలి. చెక్క వస్తువుల మీద పోగు చిక్కితే 220 నంబరు ఉప్పుకాగితంతో చెక్కనార సాగిన వైపుగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ దూది పరీక్ష చెయ్యండి. తడిసినప్పుడు చెక్కనార మళ్లీ లేస్తుంది కాబట్టి ఈ రెండోసారి చూడటం ముఖ్యం.

రంధ్రాలు కూడా చూడాలి. సుమారు 5 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పున్న కంతలో పసివేలు దూరుతుంది, వాచాక బయటికి రాదు. చిల్లుల గరిటె, జల్లిగిన్నె, పిడికి వేలాడదియ్యడానికి పెట్టిన కంత, ఇవన్నీ ఈ కొలతకు దగ్గర్లోనే ఉంటాయి. ఇంకా సన్నటివీ ఇంకా పెద్దవీ ఫర్వాలేదు.

చాలామందికి తెలియని ఒక సంగతి: చిన్న కప్పులు. కోడిగుడ్డును సగానికి కోసినట్టుండే కప్పు, అర్ధగోళం లాంటి గిన్నె పాప మూతికీ ముక్కుకీ కలిపి బోర్లిస్తే లోపలి గాలి పీల్చుకుని అతుక్కుపోతుంది. పసిపిల్లలు దాన్ని లాక్కోలేరు. అందుకే అమెరికా బొమ్మల ప్రమాణంలో 64 నుంచి 102 మిల్లీమీటర్ల నోరున్న అలాంటి చిన్న కప్పులకు కంతలు పెట్టాలన్న షరతు ఉంది. ఇంట్లో సులువైన దారి ఏమిటంటే, గిన్నె ఇస్తే నోరు 12 సెంటీమీటర్లు దాటినది ఇవ్వండి. అంతకంటే చిన్న ప్లాస్టిక్ కప్పు ఇవ్వాలనుకుంటే, అడుగున ఒకటీ పక్కన ఒకటీ కంతలు పెట్టి అంచులు నునుపు చెయ్యండి. అవి కూడా వేలు ఇరుక్కునే కొలతలో ఉండకూడదు, 3 మిల్లీమీటర్లు చాలు.

ఇప్పుడు పొడుగు వస్తువులు. చెంచా, గరిటె, బ్రష్ ఏదైనా రెండు కొసలూ చూడాలి. వెడల్పైన కొస నోట్లో పట్టదు, భయం లేదు. పిడి కొస సన్నగా ఉంటే నేరుగా గొంతు దాకా పోతుంది, పాపకు వాంతి వస్తుంది, ముందుకు తూలితే గాయమవుతుంది. పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, పిడి మీ బొటనవేలంత లావు, కొస గుండ్రం, ఇదీ కొలత. పెద్ద గరిటె 30 సెంటీమీటర్లు ఉంటుంది, పాప ఊపితే దాని కంట్లోనే తగులుతుంది. పాప కింద కూర్చుని ఉన్నంతసేపే ఇవి. లేచి నిలబడటం మొదలైతే, పట్టుకుని నడిచే రోజులు వస్తే, నిలబడగానే చేతిలోంచి తీసేసుకోవాలి.

తాడు, నాడా, గొలుసు, ఛార్జర్ తీగ ఏదైనా 20 సెంటీమీటర్లు దాటితే మెడకు చుట్టుకునే లెక్కలోకి వస్తుంది. గరిటె పిడికి వేలాడదియ్యడానికి కట్టిన తాడు కూడా ఇందులోకే వస్తుంది, కోసెయ్యండి.

బరువు సంగతి పడుకుని ఆడే పిల్లలకు ఎక్కువ వర్తిస్తుంది. మూడు నాలుగు నెలల బిడ్డ వెల్లకిలా పడుకుని పట్టుకున్నదేదైనా చివరికి మొహం మీదే వదిలేస్తుంది. పట్టు విడవడం అప్పటికి దాని చేతిలో లేదు. ఆ వయసులో 30–40 గ్రాములు దాటనివ్వకండి. చిన్న చెక్కచెంచా, మెత్తటి నూలు రుమాలు, అంతకంటే అవసరమూ లేదు. కూర్చునే పాపకు 150 గ్రాముల దాకా సరిపోతుంది. బరువైన మూతలు మోకాలి మీదో కాలివేళ్ల మీదో పడతాయి.

మీ పాప వయసుకు ఇవ్వదగ్గవి చెబుతాను. అంచు చుట్టిన స్టీలు గిన్నె ఒకటి, 12–14 సెంటీమీటర్లది. బొడిపె లేని చదును మూత ఒకటి, దానికంటే కాస్త చిన్నది, గిన్నెలో వేస్తే పడేలా. చెక్కగరిటె, పైన చెప్పిన కొలతలో. 30 సెంటీమీటర్ల చదరపు నూలుగుడ్డ ఒకటి, గరుకు టవల్ ముక్క ఒకటి, రెండింటికీ అంచులు కుట్టి ఉండాలి, పోగులు వేలాడకూడదు. వేలికి చుట్టుకున్న దారప్పోగు రక్తం ఆపేస్తుంది. 5 సెంటీమీటర్లకు పైబడిన చెక్క కడియం లాంటిది, రంగు వెయ్యనిది. సిలికాన్ గరిటె, తల ఊడకుండా పిడితో కలిపి ఒకే ముక్కగా పోసినదైతేనే. చిలికే తీగ గరిటె పిల్లలకు భలే ఇష్టం, కానీ తీగల కొసలు పిడిలో గట్టిగా బిగిసి ఉన్నాయా అని ఒక్కో తీగా లాగి చూడాలి. తీగల మధ్య వేలు దూరి సులువుగా వచ్చేంత ఎడముండాలి. పిడి లోపల నీళ్లు గలగలమంటే అది అతుకు విడిచిందని అర్థం, పారెయ్యండి.

ఒకేసారి ఆరు నుంచి ఎనిమిది చాలు. ఇరవై పెడితే తోసేసి పోతుంది. పాప కూర్చున్నప్పుడు చెయ్యి అందేలా, వాలినా తిరగబడని పొట్టి వెడల్పు బుట్టలో పెట్టండి. 35 సెంటీమీటర్ల వెడల్పు, 10–12 సెంటీమీటర్ల ఎత్తు, అడుగు చదును, పిడి లేనిది. అల్లిన బుట్ట అయితే పుల్లల కొసలు లోపలి వైపు పొడుచుకు రాకుండా చూసుకోండి. అది దొరక్కపోతే పొట్టి అట్టపెట్టె కూడా సరే, స్టేపుల్ పిన్నులూ అంటించిన టేపూ తీసేశాక. నానిన అట్ట ముక్కలుగా ఊడి గొంతులో ఉండ కడుతుంది కాబట్టి మూలలు నమిలిన పెట్టెను ఆ రోజే మార్చాలి. నేల మీద మందపాటి దుప్పటి వెయ్యండి, పడినప్పుడు తలకూ మంచిది, గిన్నె మోతకూ మంచిది. గిన్నెలు గట్టి నేల మీద, తలుపులు మూసిన చిన్న గదిలో బాదితే ఆ మోత పాప చెవికి మీకంటే దగ్గర.

మీరు ఎక్కడుండాలి అన్నది వస్తువుల జాబితా కంటే ముఖ్యం. ఒకే గదిలో ఉండటం కాదు, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చోవాలి, ఫోన్ పక్కన పెట్టి. ఊపిరాడని బిడ్డ ఏడవదు, దగ్గదు, పిలవదు. చూస్తున్నవాళ్లకే తెలుస్తుంది. అలాగని "ఇదిగో గిన్నె, ఇదిగో చెంచా, ఇలా కొట్టు" అని వెంటపడొద్దు. పాప ఒక మూతను పదిసార్లు తిప్పి చూస్తుంటే అది పనిలో ఉన్నట్టే. పక్కన పెద్దవాళ్లు నోరు మూసుకుని కూర్చుంటే ఎనిమిది నెలల పిల్లలు అరగంట దాకా కూడా ఆడతారు. విసరడం మొదలైందంటే చాలావరకు విసుగు, లేదా నిద్ర. బుట్ట తీసేసి రేపు రెండు వస్తువులు మార్చి పెట్టండి. అన్నీ ఒక్కసారి మార్చొద్దు, తెలిసినవి నాలుగు ఉంటే కొత్తవి రెండింటినీ ధైర్యంగా పట్టుకుంటుంది.

మరో నెలా రెండు నెలల్లో పాకుతూ తిరుగుతుంది, చూపుడువేలూ బొటనవేలూ కలిపి పట్టడం వస్తుంది. అప్పటి నుంచి బుట్ట కంటే నేల మీద నిఘా ఎక్కువ కావాలి, మనకు కనబడని గుండీ దానికి కనబడుతుంది. ఆట కూడా మారుతుంది. ఒకదానిలోంచి తియ్యడం ముందు వస్తుంది, వెయ్యడం ఆ తర్వాత. వెడల్పు మూతి డబ్బాలో నాలుగైదు గుడ్డలు కుక్కి ఇవ్వండి, లాగి తీస్తుంది. ఆ గుడ్డల్ని ఒకదానికొకటి ముడివేసి పొడుగు గొలుసులా చేసి ఇవ్వమని కొందరు చెబుతారు, చెయ్యొద్దు. చెప్పుకున్న 20 సెంటీమీటర్ల లెక్క అక్కడ పూర్తిగా తప్పిపోతుంది. ఏడాది దగ్గర పడ్డాక పొడుగు స్టీలు డబ్బాలో స్ప్రింగు లేని మొద్దు చెక్క క్లిప్పులు (బట్టలారేసేవి, మన కొలత దాటినవి) వెయ్యడం చాలాకాలం నడిచే ఆట. స్ప్రింగు క్లిప్పులు మాత్రం ఎప్పుడూ కాదు. మెలితిప్పితే రెండు చెక్కలూ ఒక తీగా అయిపోతాయి.

వంటింట్లో కింది సొరుగు ఒకటి పాపకు వదిలెయ్యాలనుకుంటే పొయ్యికి దూరంగా ఉన్నదే వదలండి. సొరుగు పూర్తిగా ఊడి కాలి మీద పడకుండా లోపల అడ్డు ఉండాలి. మూసేటప్పుడు వేళ్లు నలగకుండా అంచున మెత్తటి దిమ్మ అంటించి, అది ఊడుతుందో లేదో రోజూ చూడాలి. ఊడితే గొంతులో పడే చిన్న వస్తువు మళ్లీ అదే.

నీళ్లతో ఆట గురించి అడగలేదు కానీ గిన్నెలు వచ్చాక నీళ్లు వస్తాయి. వెడల్పు పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు, గోరువెచ్చగా, 37 డిగ్రీల దగ్గర, అంతే. ఐదు సెంటీమీటర్ల లోతు కూడా పసిబిడ్డ మునగడానికి చాలు. బకెట్ మరీ ప్రమాదం, తలబరువుతో ముందుకు వంగిన బిడ్డ వెనక్కి రాలేదు. ఆట అవగానే ముందు నీళ్లు పారబొయ్యండి, పాపను తుడవడం ఆ తర్వాత.

ఇవ్వకూడనివాటిలో మొదటిది రిమోట్. అందులో, కార్ తాళంలో, వంటింటి తూకంలో, డిజిటల్ థర్మామీటరులో, పాట పాడే గ్రీటింగ్ కార్డులో బటన్ సెల్ (గుండీలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ) ఉండచ్చు. ఎక్కువగా వాడే సీఆర్2032లో 20 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. ఆ 20 మిల్లీమీటర్లే సమస్య, చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే కొలత అది. ఇరుక్కున్నాక తడి కండరం గుండా కరెంటు పారి, రుణధ్రువం వైపు గాఢమైన క్షారం పుడుతుంది. పగిలి కారనక్కర్లేదు, మింగిన రెండు గంటల్లోనే లోతుగా కాలిపోతుంది. "అయిపోయిన" సెల్‌లో కూడా దానికి సరిపడా విద్యుత్తు మిగిలే ఉంటుంది. కాబట్టి సెల్ తీసేసిన పాత రిమోట్ ఇవ్వచ్చా అంటే, అది ఇస్తే పాపకు రిమోట్ ఆటవస్తువు అని అలవాటవుతుంది, రేపు సెల్ ఉన్నదీ అడుగుతుంది. నేనైతే ఇవ్వను. ఇదే కారణంతో ఖాళీ మందు సీసాలు, ఖాళీ ఫినాయిల్ డబ్బాలు, మాత్రల అట్టలు ఎంత కడిగినా ఇవ్వకూడదు.

తాళంచెవులు ఏడుస్తున్న పాప ముందు అందరూ ఊపేవే. ఇత్తడి తాళంచెవుల్లో చాలావాటిలో సీసం కలిసి ఉంటుంది, చప్పరిస్తే లోపలికి పోతుంది. పళ్లు పదును, రింగులో వేలు చిక్కుతుంది. పాత ఇత్తడి సామాను, పాత రంగులు పూసినవి, పెచ్చులు లేస్తున్న మెరుపు పూత మట్టిపాత్రలు, ఎక్కడ చేశారో తెలియని అల్యూమినియం గిన్నెలు కూడా ఈ సీసం భయంతోనే పక్కన పెట్టండి. స్టీలు, రంగు వెయ్యని చెక్క, గుడ్డ ఉండగా వాటి అవసరం లేదు. అయస్కాంతాలు, ఫ్రిజ్ తలుపుకు అంటించేవి కూడా, రెండు మింగితే పేగుల మడతలకు అటూ ఇటూ అతుక్కుని మధ్య కండరాన్ని నలిపి కంత చేస్తాయి. బెలూన్, పగిలిన బెలూన్ ముక్క, పలచటి ప్లాస్టిక్ కవరు గొంతు ఆకారంలోకి సాగి అతుక్కుంటాయి, అసలు దరిచేరనివ్వకండి. స్పాంజి ముక్కలుగా కొరుకుతారు. నాణేల గురించి చెప్పక్కర్లేదు. సీసాలో గింజలు పోసి గిలక చేసి ఇచ్చే అలవాటు ఉంటే, మూత గట్టిగా అంటించినా సీసా పలచనైతే కొరుకుడుకి చిట్లుతుందని గుర్తుంచుకోండి. ముక్కులో దూరిన ఎండుగింజ తడికి ఉబ్బుతుంది.

కడగడం తేలికే. ఆటకు ఇచ్చినవి ఆటకే ఉంచండి, పచ్చిమాంసం కలిపిన గరిటె మళ్లీ పాప చేతికి పోకూడదు. స్టీలు, సిలికాన్ రోజూ గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టాలి, జలుబో విరేచనాలో అయితే ఐదు నిమిషాలు మరిగించాలి. చెక్కను నానబెట్టొద్దు, త్వరగా కడిగి, తుడిచి, నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వండి. మెరుపు కోసం వంటనూనె రాస్తే కొన్నాళ్లకు కంపు కొడుతుంది. నెర్రె పడిన చెక్క తీసెయ్యాలి, ఆ నెర్రెలో తడి ఆరదు. వారానికోసారి బుట్టలోవన్నీ నేల మీద పోసి లాగుడు, దూది, కంత మూడు పరీక్షలూ మళ్లీ చెయ్యండి. ఇంట్లో పెద్దపిల్లలుంటే వాళ్లు ప్రేమగా తెచ్చి వేసే గోలీలూ రబ్బరులూ కూడా అప్పుడే బయటపడతాయి.

ఇంత చేసినా ఏదో ఒకటి గొంతులో పడితే. దగ్గుతోంది, శబ్దం వస్తోంది, మొహం ఎర్రబడింది అంటే గాలి ఆడుతోంది, దగ్గనివ్వండి, వీపు తట్టొద్దు. శబ్దం లేదు, ఏడవలేకపోతోంది, పెదాలు నీలం అవుతున్నాయి అంటే వెంటనే మొదలుపెట్టాలి. ఏడాది లోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా పట్టుకుని, దవడకు ఆసరా ఇచ్చి, రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి దిమ్మతో) 5 దెబ్బలు గట్టిగా కొట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యన, చనుమొనలను కలిపే గీతకు కాస్త కింద, ఒక చేతి మడమతో 5 సార్లు నొక్కండి. వస్తువు బయటపడేదాకా, లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఇవే మార్చి మార్చి. ఈ వయసులో పొట్ట నొక్కకూడదు, కాలేయం చితుకుతుంది. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలక్కండి, ఇంకా లోపలికి పోతుంది. ఇంకొకరుంటే మొదటి క్షణంలోనే అత్యవసర సేవలకు ఫోన్ చేయించండి. స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి 30 ఛాతీ నొక్కులు, 2 శ్వాసలు లెక్కన సీపీఆర్ (గుండెకూ ఊపిరికీ ఆసరా ఇచ్చే ప్రథమ చికిత్స) మొదలుపెట్టాలి. చదివితే వచ్చేది కాదు ఇది, బొమ్మ మీద ఒక్కపూట నేర్పే తరగతి ఉంటే ఇంట్లో ఇద్దరైనా వెళ్లి రండి.

బటన్ సెల్ మింగిందన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు, మొదట్లో ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. చొంగ ఎక్కువ కారడం, పాలు తాగకపోవడం, దగ్గు, ఇవి తర్వాత వస్తాయి. వాంతి చేయించకండి, ఏమీ తినిపించకండి. నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లి, "బటన్ సెల్ కావచ్చు" అని ఆ మాటతోనే చెప్పండి. ఎక్స్‌రేలో నాణెం, సెల్ రెండూ గుండ్రంగానే కనిపిస్తాయి, సెల్‌కు అంచు దగ్గర రెండో వలయం ఉంటుంది, చూసేవాళ్లు దానికోసం వెతకాలి. అది ఏ పరికరంలోదో ఆ పరికరాన్ని, సెల్ ప్యాకెట్ ఉంటే దాన్నీ వెంట తీసుకెళ్లండి, మీద రాసిన నంబరు చూడగానే కొలత వాళ్లకు తెలిసిపోతుంది.